ఎండబెట్టిన ల్యాప్‌టాప్

“విప్పినదాన్ని మళ్ళీ బిగించగలవా? ముందు అది చెప్పు.”

“బిగించి ఉన్నప్పుడు పనిచేస్తోందా ఏంటి నాయనమ్మా? అది చెప్పు నువ్వు.”

“పనిచేయకపోతే ఏం. నిండుగా ఉంది. మీ తాతయ్య ఎలా మూసిపెట్టాడో అలాగే ఉంది.”

“మూసిపెట్టినవన్నీ నిండుగా ఉన్నట్టు కాదు.”

“నాకు సామెతలు చెప్పకు. మీ నాన్న పదేళ్ళప్పుడు గోడగడియారం విప్పాడు. దాని ముళ్ళు ఇప్పటికీ మేకుల డబ్బాలో ఉన్నాయి.”

“నేను నాన్నను కాను. నాకు జీతమిచ్చేదే ఇందుకు.”

“అక్కడ ఇస్తారు. ఇక్కడ ఎవరూ ఇవ్వరు. కింద పెట్టు దాన్ని.”

“పక్కింటి మామ్మకు మాటిచ్చాను నాయనమ్మా.”

“నన్నడక్కుండా ఎందుకిచ్చావు?”

“అడిగితే వద్దంటావని.”

శనివారం పొద్దున, వసారాలో చాప మీద, మా మనవరాలికీ నాకూ మధ్య నడిచిన మాటలివి. ఆ పిల్ల మా అబ్బాయి కూతురు. మంగళగిరిలో ఒక ఆఫీసులో కంప్యూటర్లు చెడిపోతే బాగుచేసే ఉద్యోగం. నా సంగతి చెప్పాలంటే, మూడో తరగతిలో ఉండగా పత్తి తీతకు ఇంకో చెయ్యి కావాలని మా అమ్మ నన్ను బడి మానిపించింది. తెలుగు చదవగలను, రాయగలను. ఇంగ్లీషు అక్షరం బస్సు మీద అంకెల పక్కన చూడటమే.

మా ఇద్దరి మధ్య ఉన్నది ఒక పాత ల్యాప్‌టాప్. ఇప్పటివాటిలా సన్నగా ఉండదు. నల్లగా, మందంగా, రెండు ఇటుకలు పక్కపక్కన పెట్టినంత ఉంటుంది. ఒంగోలులో ఒక గ్రానైటు ఆఫీసు వాళ్ళు కొత్తవి తెచ్చుకుని పాతవాటిని మూలన పడేశారు. అక్కడ పనిచేసే ఒకాయన మా ఆయన దగ్గర చిన్నప్పుడు చదువుకున్నవాడు. “మాస్టారూ, మీకు పనికొస్తుంది” అని ఒకటి తెచ్చి ఇచ్చాడు. మా ఆయన ఊళ్ళో మిషన్ బడి పంతులు. రిటైరయ్యాక చర్చి సంఘానికి కార్యదర్శిగా చేశాడు. ఆయన పోయి పన్నెండేళ్ళయింది. అప్పటి నుంచి దాని మీట నొక్కినవాళ్ళు లేరు. అలాగని నేను దాన్ని గాలికొదిలేశానని ఎవరూ అనలేరు. ఎంత జాగ్రత్త చేశానో ముందు ముందు మీకే తెలుస్తుంది.

దాన్ని ఇప్పుడు విప్పాల్సిన అవసరం ఎందుకొచ్చిందంటే, మా సమాధుల తోటకు ఇన్నాళ్ళూ ముళ్ళకంచే గానీ గోడ లేదు. ఈ ఈస్టరుకు ముందు వారంలో గోడ పని మొదలెట్టాలని సంఘం పెద్దలు అనుకున్నారు. ఉత్తరం వైపు డొంక దారిలో మిరపకాయల ట్రాక్టర్లు మలుపు తిరగలేక అవస్థ పడుతున్నాయి కాబట్టి అటువైపు మాత్రం కంచె మీద కాకుండా గజంన్నర లోపలికి జరిపి కడదామన్నారు. సోమవారం పొద్దున పునాది తవ్వకం. ఆ గజంన్నరలో ఎవరెవరు ఉన్నారో ఎవరికీ సరిగా తెలియదు. మావన్నీ కూలిజనం సమాధులు. రాయి పెట్టించగలిగినవాళ్ళు తక్కువ. మట్టి దిబ్బ, కర్ర సిలువ. కర్రను చెదలు తింటాయి, దిబ్బను వాన తింటుంది. సంఘం దగ్గరున్న రిజిస్టరును కూడా చెదలే తిన్నాయి. మా ఆయన కార్యదర్శిగా ఉన్న రోజుల్లో, గుంటలు తీసే ముసలాయన్ని వెంటబెట్టుకుని తోటంతా తిరిగి, ఏ గుంటలో ఎవరున్నారో అడిగి తెలుసుకుని పటం తయారుచేశాడు. ఆ ముసలాయనా లేడు, మా ఆయనా లేడు. పటం మాత్రం ఈ పెట్టెలో ఉంది.

గురువారం సంఘం కూటంలో ఈ మాట వచ్చింది. మా పక్కింటావిడ లేచి నిలబడింది. “మా అమ్మ ఆ కంచె వారనే ఉందండి. ఎక్కడో సరిగ్గా చెప్పలేను. పునాది గునపం మా అమ్మ మీద పడితే నేనేం కావాలి” అని కొంగు నోట్లో కుక్కుకుంది. సంఘం పెద్ద నోరు విప్పేలోపు నేనే చెప్పాను.

“ఏటా ఒక బకెట్టు సున్నం వేసుకునుంటే గుర్తుండేది. గుర్తు పెట్టుకోనివాళ్ళ కోసం గోడ ఆగుతుందా?”

ఆవిడ కూర్చుంది. మళ్ళీ లేవలేదు.

ఆ మాట అనే హక్కు నాకుందనుకున్నాను. నా మొదటి కాన్పు ఆడపిల్ల. పదకొండు నెలలకు పోయింది. మిరపకోతల కాలంలో వాంతులు, విరేచనాల జబ్బు ఇంట్లో నాకూ పిల్లకూ ఒకేసారి అంటుకుంది. మా ఆయన నన్ను ఒంగోలు ఆసుపత్రికి తీసుకుపోయాడు. పిల్లకు కాస్త తెరిపిగా ఉందని మా మామగారి దగ్గర ఉంచారు. మేమక్కడ ఉండగానే పిల్ల పోయింది. కబురు చేరి మేం వచ్చేలోపు మామగారూ, గుంటలు తీసే ఆయనా కలిసి పూడ్చిపెట్టేశారు. నేను లేచి నడవగలిగేసరికి మూడు వారాలు దాటింది. ఈలోపు ఒక పెద్ద వాన కురిసి వెలిసింది. మామగారు నన్ను తోటకు తీసుకెళ్ళి మధ్యలో ఒక దిబ్బ చూపించాడు. “ఇదేనమ్మా” అన్నాడు. ఆయనకప్పటికే చూపు ఆనదు.

రాయి పెట్టిద్దామని మా ఆయన అన్నాడు. బతికున్నవాళ్ళ నోటికి లేనప్పుడు రాయి ఎందుకని నేనే వద్దన్నాను. రాయి బదులు నా చెయ్యి ఉంది కదా అనుకున్నాను. అప్పటి నుంచి ఈస్టరు ముందు శనివారం పిడుగురాళ్ల సున్నం తెప్పించి, ముందురోజే నానేసి, పొద్దున్నే బకెట్టుతో వెళ్ళి ఆ దిబ్బకు రెండు పూతలు వేస్తున్నాను. ఒక్క ఏడాది తప్పలేదు. కడుపుతో ఉన్నప్పుడు వేశాను, చెయ్యి విరిగి కట్టు కట్టుకున్నప్పుడు ఎడమచేత్తో వేశాను. తోటంతా గుంటలూ మిట్టలే. బకెట్టు ఒరగకుండా నిలిచే చదునైన చోటు కంచె వారన తుమ్మచెట్టు కింద ఒక్కటే. అక్కడ దించుకుని, చెంబుతో ముంచుకుపోయి వేసేదాన్ని. చివరి ఏళ్ళలో మా ఆయన వెంట వచ్చి, బకెట్టు కింద పెట్టనిచ్చేవాడు కాదు. తనే పట్టుకుని నిలబడేవాడు. “చెయ్యి లాగుతుంది, దించండి” అంటే, “పర్లేదులే” అనేవాడు. వయసు మీదపడ్డాక మగవాళ్ళకు ఒక్కొక్కరికి ఒక్కో చాదస్తం వస్తుందని సరిపెట్టుకున్నాను.

అందుకే పటంతో నాకు పనిలేదు. నా పిల్ల తోట నడుమ భద్రంగా ఉంది. గోడ అటు పోదు. పక్కింటావిడ కోసం ఆయన పెట్టెను విప్పించడం ఎందుకని నా వాదన. కానీ మనవరాలు మాటిచ్చానంది. ఇచ్చిన మాట తప్పమని ఏ నోటితో చెప్పను?

“కానీయ్,” అన్నాను. “ఒక్క స్క్రూ పోయినా ఊరుకోను.”

“పోవు. ఏది ఎక్కడిదో విడివిడిగా పెడతాను. చిన్న చిన్న గిన్నెలున్నాయా?”

“మా ఇంట్లో గిన్నెలు అన్నానికే ఉన్నాయి.”

నేను కాఫీకి నీళ్ళు పెట్టి వచ్చేలోపు నా పోపులడబ్బా చాప మీద ఉంది. ఆవాలూ మెంతులూ కాగితం మీదకు కుమ్మరించింది. ఆవాల గిన్నెలో పొట్టి స్క్రూలు, జీలకర్ర గిన్నెలో పొడుగువి. పెళ్ళైన ఏడు కొన్న డబ్బా అది. ఇన్నేళ్ళలో దానిలో పోపు దినుసు తప్ప ఇంకోటి పడలేదు.

“కడిగిస్తాలే నాయనమ్మా.”

“నువ్వు కడిగేదేంటి. నేనే చింతపండు పెట్టి తోముకుంటాను. చూసి తియ్యి, పసుపు గిన్నెలో వేలు పెట్టకు.”

అడుగు పలక ఊడదీసింది. ఊడగానే ఘాటు గుప్పున లేచింది. ఆ పిల్ల తుమ్మింది. నేను తుమ్మాను. మా అబ్బాయి, కోడలు కల్లంలో కాయ తిరగేస్తున్నారు కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే నలుగురం తుమ్మేవాళ్ళం. లోపలంతా ఎర్రటి దుమ్ము. ఫ్యాను రెక్కలకు పత్తినూగు చుట్టుకుని దీపపు వత్తిలా అయింది. సందుల్లో పచ్చటి గింజలు.

“ఇదేంటి నాయనమ్మా, దీన్నిండా మిరపగింజలు?”

“మిరపకాయల గోతంలో పెట్టాను మరి. గింజలు కాక గుమ్మడికాయలు వస్తాయా?”

“గోతంలో ఎందుకు పెట్టావు?”

“ఎలక రాదని. ఘాటుకు చెద కూడా పట్టదు. పన్నెండేళ్ళలో దీని మీద పంటిగాటు ఉందేమో చూపించు.”

ఆ పిల్ల చూడలేదు. ఒక ప్లాస్టిక్ ముక్కను వెలుగులోకి ఎత్తి అటూ ఇటూ తిప్పుతోంది. అది అప్పడంలా వంకర తిరిగి ఉంది.

“దీన్ని ఎవరైనా పొయ్యి దగ్గర పెట్టారా?”

“పొయ్యి దగ్గర పెట్టడానికి నాకేం పిచ్చా. ఎండలో పెట్టాను.”

“ఎప్పుడు?”

“ఏటా. కల్లంలో కాయ ఎండబోసినప్పుడు. దీనికో మంచం వేసి, మూడు రోజులు.”

స్క్రూడ్రైవరు పక్కన పెట్టేసింది. “మూసి పెట్టేదానివా, తెరిచి పెట్టేదానివా?”

“మూసిపెడితే లోపలికి ఎండెలా తగులుతుంది? తెరిచే. మధ్యాహ్నం తిరగేసేదాన్ని కూడా.”

ఆ పిల్ల మొదట నవ్వింది. తరవాత నా మొహం చూసి నవ్వు ఆపేసింది. “నాయనమ్మా, దీనికి ఎండంటే విషం. ప్రతి ఏడూ తెచ్చి దీనికి జ్వరం పట్టించావు. వడియాలు ఎండబెట్టినట్టు ఎండబెట్టావు.”

నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. మా ఇళ్ళల్లో పాడవకూడదనుకున్నది ఏదైనా ఎండకు పెడతాం. పప్పులు, పరుపులు, పట్టుచీర, ఆఖరికి బైబిలు కూడా. సంఘం రిజిస్టరు బీరువాలో నీడపట్టున ఉంది కాబట్టే చెదల పాలయిందని నలుగురికీ చెప్పుకుని తిరిగినదాన్ని నేను. కోడలు ఒక ఏడు, “అత్తయ్యా, దాన్నెందుకు ఎండలో” అనబోతే, “నీ మొగుడి తండ్రి వస్తువు, నీకేం తెలుసు” అని నోరు మూయించాను. ఇప్పుడు చూస్తే తెర ఒక మూల బొగ్గులా నల్లబడిపోయింది. బ్యాటరీ ఉబ్బి పగలడానికి సిద్ధంగా ఉంది. లోపల గుండీ అంత సెల్లు కారి, చుట్టూ ఆకుపచ్చ చిలుము. రబ్బరు ముక్కలు కరిగి బెల్లంపాకంలా వేలికి అంటుకుంటున్నాయి. ఒకరిని మేపుతున్నాననుకుని రోజూ విషం పెట్టినట్టయింది నా పని. చాప మీద అలాగే కూర్చుండిపోయాను. కాఫీ నీళ్ళు మరిగి మరిగి గిన్నె మాడింది.

“దానిలోదంతా పోయిందా?” అని అడిగాను.

“రాసినవన్నీ దాచే డబ్బా వేరే ఉంటుంది, ఇదిగో.” అరచేతిలో పట్టేంత రేకు డబ్బా చూపించింది. “ఇది బాగుంటే అన్నీ ఉన్నట్టే. కానీ ఇది పాతరకం. నా దగ్గరున్న వైర్లేవీ దీనికి పట్టవు. ఈ పెట్టెనే బతికించి, దీనిలోనే చూడాలి.”

“అయితే బతికించు.”

పొద్దున వద్దన్న నోటితోనే ఆ మాట అన్నాను. ఆ పిల్ల దెప్పలేదు. అది మా ఆయన పోలిక.

ఆ మధ్యాహ్నమంతా ఇద్దరం దాని ముందే ఉన్నాం. నేను పారేయకుండా దాచిన పాత పళ్ళబ్రష్షులు సీసాలో ఎనిమిది ఉన్నాయి. అన్నీ పనికొచ్చాయి. స్పిరిట్‌లో ముంచి చిలుము తోమడం నాకు అప్పజెప్పింది. “గట్టిగా రుద్దకు, పసిపిల్ల చిగుళ్ళు తోమినట్టు తోము” అంది. ఫ్యానుకు చుట్టుకున్న నూగును సూదితో పోగు పోగుగా లాగాను. గింజలు ఏరి లెక్కపెట్టలేదు గానీ దోసెడు దాకా వచ్చాయి. ఉబ్బిన బ్యాటరీని ఆ పిల్ల ఇసుక బకెట్టులో పెట్టి దొడ్లోకి తీసుకుపోయింది. కరెంటు వైరు గుచ్చే చోట పిన్ను ఊగుతుంటే వేడి చేసిన కడ్డీతో టంకం వేసింది. మర్నాడు పొద్దున, ఈస్టరుకు వారం ముందొచ్చే మట్టల ఆదివారం ఆరాధనకు వెళ్ళొచ్చాం. వచ్చేటప్పుడు ఊళ్ళో వాచీల కొట్టు తలుపు కొట్టి గుండీ సెల్లు కొనుక్కొచ్చింది. ఆవాల గిన్నె ఖాళీ అయింది, జీలకర్ర గిన్నె ఖాళీ అయింది. చివరికి ఒక్క స్క్రూ మిగిలింది.

“అదెక్కడిది?”

“ఎక్కడిదో. లేకపోయినా నిలుస్తుంది.”

“మీ నాన్న కూడా ఇదే అన్నాడు,” అన్నాను. అప్పుడు ఇద్దరం నవ్వాం. ఆ రెండు రోజుల్లో నవ్వడం అదే ఆఖరు.

మీట నొక్కింది. ముందు ఏమీ లేదు. తరవాత ఫ్యాను తిరిగి, మిగిలిన ఎర్ర దుమ్మునంతా మా మొహాన కొట్టింది. కళ్ళు తుడుచుకుని చూస్తే తెర మీద వెలుగు. ఒక మూల నల్లమచ్చ, మిగతాదంతా నీలం. అంత ఎండ తాగి కూడా ఊపిరి పోసుకుందంటే నమ్మలేకపోయాను. పక్కింటావిడను కేకేశాను. గురువారం తరవాత ఆవిడతో మాట్లాడటం అదే మొదలు. ఆవిడ వచ్చి గుమ్మం పక్కనే నిలబడింది, లోపలికి రాలేదు.

పటం దొరికింది. అచ్చు తోలిన మిరపచేనులా నిలువుగా అడ్డంగా గీతలు, గడికొక పేరు. తెలుగు మాటలే, ఇంగ్లీషు అక్షరాలతో రాశాడట. నాకు చదవడం రాదు కాబట్టి మనవరాలు పైకి చదివింది. ఉత్తరం కంచె వరస. మొదటి గడిలో ఎవరో మా తరానికి ముందువాళ్ళు. రెండో గడిలో పక్కింటావిడ తల్లి పేరు.

“తుమ్మచెట్టుకు పడమర, నాలుగడుగులు,” అని చదివింది ఆ పిల్ల.

ఆవిడ గుమ్మం పట్టుకుని కిందికి జారి కూర్చుంది. “తుమ్మచెట్టు పక్కన. ఔను. నీడ పడేది. నీడ పడేది మా అమ్మ మీద.”

మనవరాలు మూడో గడి దగ్గర ఆగింది.

“ఏమైంది? చదువు.”

“ఏం లేదు నాయనమ్మా. తరవాతిది చూద్దాం.”

“మూడోది చదివి తరవాతిదానికి పో.”

“వేరేవాళ్ళదిలే.”

“వేరేవాళ్ళదైతే చదవడానికి నీకేంటి బాధ?”

ఆ పిల్ల నా వైపు చూడకుండా చదివింది. చదివినది చదివినట్టు ఇక్కడ రాస్తున్నాను. మళ్ళీ మళ్ళీ చదివించుకున్నాను కాబట్టి మాట పొల్లుపోకుండా గుర్తుంది.

“తుమ్మచెట్టు కింద, కంచెకు రెండడుగులు. మా పాప. మధ్యలో నాన్న చూపించిన దిబ్బ ఖాళీది. అక్కడ తవ్వుతుంటే రాయి తగిలిందట. పూడ్చేసి ఇక్కడ తవ్వారట. గుంట తీసినాయన ఈరోజు చెప్పాడు. ఇంట్లో చెప్పలేదు. సున్నం వేసి వచ్చిన రోజున ఆవిడ నిమ్మళంగా అన్నం తింటుంది. ఎలా చెప్పను.”

ఫ్యాను ఒక్కటే తిరుగుతోంది.

నాకు ఏడుపు రాలేదు. ముందు నాకు తోచింది మట్టి సంగతి. మాది నల్లరేగడి. ఎండకు బీటలిస్తుంది, వానకు కుంగుతుంది. ఈ నేలలో దిబ్బ నాలుగేళ్ళు నిలవదు. అరక పట్టే ప్రతివాడికీ తెలుసు, నాకూ తెలుసు. నేను సున్నం వేసే దిబ్బ మాత్రం ఇన్నేళ్ళూ చెక్కుచెదరకుండా నిలిచింది. నా చేతి చలవ అనుకున్నాను. కింద రాయి ఉంది కాబట్టి నిలిచిందని ఒక్కసారి కూడా తట్టలేదు. చదునుగా కుంగిన చోట పిల్ల ఉంది. ఆ చదును చూసే నేను బకెట్టు దించుకున్నాను.

ఏటా. నిండు బకెట్టు.

ఆయన ఎందుకు పట్టుకుని నిలబడ్డాడో అప్పుడు తెలిసింది.

“నీ పిల్ల కూడా గోడ కిందే ఉందా అక్కా?” అంది పక్కింటావిడ. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగింది. ఎత్తిపొడిచి ఉంటే నాకు తేలికగా ఉండేది.

“ఔను,” అన్నాను.

మనవరాలు నా చెయ్యి పట్టుకోబోయింది. నేను లేచి పెరట్లోకి వెళ్ళాను. సున్నం గోలెంలో రాళ్ళు వేసి నీళ్ళు పోశాను. కుతకుతా ఉడికి పొగలు లేచాయి. ఎప్పుడూ శనివారానికి నానేసేదాన్ని, ఈసారి ఆదివారమే నానేశాను. ఆ సాయంత్రం కోడలు అన్నం పెడితే రెండు ముద్దలు కలిపి వదిలేశాను. పారేయకూడదని మూత పెట్టించాను.

మర్నాడు తెల్లవారగానే నేనూ, మనవరాలూ, పక్కింటావిడా తోటకు వెళ్ళాం. మేస్త్రి అప్పటికే ఉత్తరం వైపు దారం కట్టాడు. దారం తుమ్మచెట్టుకు ఇవతలగా, సరిగ్గా నేను బకెట్టు పెట్టుకునే చోటి మీదుగా పోతోంది. గునపాలు పక్కనే పడున్నాయి. సంఘం పెద్ద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

“గోడ కంచె మీదకు జరపాలండి,” అన్నాను.

“గురువారం మీరే కదమ్మా అన్నారు, గుర్తు పెట్టుకోనివాళ్ళ కోసం గోడ ఆగదని.”

“నేనే అన్నాను. ఆ గుర్తు పెట్టుకోనిదాన్ని నేనే. నా పిల్ల ఇక్కడుంది. ఈవిడ తల్లి అక్కడుంది. పటం ఇంట్లో ఉంది, వచ్చి చూసుకోండి.”

ఆయన మనవరాలి ఫోనులో పటం బొమ్మ చూశాడు. చాలాసేపు చూశాడు. ట్రాక్టర్లు ఎట్లా తిరుగుతాయని మేస్త్రి అడిగాడు. “వెనక్కి తీసుకుని తిప్పుకుంటార్లే, ఇన్నాళ్ళూ తిప్పుకోలేదా” అని పెద్ద లేచాడు. మేస్త్రి మేకులు పీకి దారాన్ని కంచె మీదకు జరిపాడు.

సగం సున్నం చెంబుతో పక్కింటావిడ డబ్బాలో పోశాను. ఆవిడ నాలుగడుగులు కొలుచుకుని అక్కడ వేసుకుంది. నేను తుమ్మచెట్టు కింద వేశాను. బకెట్టు ఇటివ్వమని మనవరాలు చెయ్యి చాపింది. ఇవ్వలేదు. ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేత్తో రెండు పూతలూ పూర్తయ్యేదాకా వేశాను.